రెఖ్‌మిరే గోడ మీది తీపి బిళ్లలు: టైగర్ నట్స్, తేనె, నెయ్యి

ప్రాచీన ఈజిప్టు వాళ్ల వంటల పుస్తకం ఒక్కటి కూడా మనదాకా రాలేదు. మిగిలినవల్లా సమాధుల గోడల మీది బొమ్మలు, చచ్చినవాళ్ల కోసం లోపల పెట్టిన తిండి. ఆ బొమ్మల్లో నాకు బాగా ఇష్టమైనది లక్సర్ దగ్గర నైలు నది పడమటి ఒడ్డున రెఖ్‌మిరే సమాధిలో ఉంది. ఈయన మూడో థుత్‌మోస్ రాజుకు ప్రధానమంత్రి, క్రీ.పూ. 1450 ప్రాంతం మనిషి. ఆ గోడ మీద ఒక తీపి వంటకం వరసగా కనిపిస్తుంది. టైగర్ నట్స్ అనే చిన్న దుంపలను రోకళ్లతో దంచుతారు, జల్లిస్తారు, తేనె కలిపి ముద్ద చేస్తారు, కోసుగా మలుస్తారు, పెనంలో కొవ్వు వేసి కాలుస్తారు. ఇదంతా అమున్ దేవుడి గుడికి వెళ్లే నైవేద్యం. అదే గోడ మీద తేనెపట్టుకు పొగ పెట్టి తేనె తీస్తున్న మనుషులు కూడా ఉన్నారు.

కొలతలు తెలియవు కానీ వరస తెలుసు. వంట తెలిసినవాళ్లకు ఇది చాలు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. నెట్‌లో క్రీ.పూ. 1600 నాటి కుండపెంకు మీద దొరికిందంటూ ఖర్జూరం, యాలకులు, దాల్చినచెక్క వేసిన ఉండల రెసిపీ తెగ తిరుగుతోంది. ఆ పెంకు ఏ మ్యూజియంలో ఉందో చెప్పినవాళ్లు ఒక్కరూ నాకు కనబడలేదు. ఉండలు రుచిగానే ఉంటాయి, చేసుకు తినండి. కానీ మూడున్నర వేల ఏళ్ల నాటి రుచి కావాలంటే మాత్రం యాలకుల డబ్బా పక్కన పెట్టేయండి. పంచదార, బెల్లం కూడా వద్దు. ఈజిప్టులో చెరకు సాగు మొదలైంది అరబ్బుల కాలంలో. ఫారోలనే ఆ పాత రాజుల నాడు తీపి అంటే తేనె, ఖర్జూరం, అంజీర్, ద్రాక్ష. తేనె ఖరీదైనది కాబట్టి మామూలు జనానికి ఎక్కువగా ఖర్జూరమే దిక్కు.

ఇక అసలు సరుకు టైగర్ నట్స్. పేరులో నట్ ఉన్నా ఇవి గింజలు కావు, నేలలో పెరిగే చిన్న దుంపలు. ఈజిప్టులో ఇప్పటికీ హబ్ అల్ అజీజ్ పేరుతో అమ్ముతారు, స్పెయిన్‌లో వీటితో ఓర్చాటా అనే చల్లటి పానీయం చేస్తారు. మన పొలాల్లో రైతును ఏడిపించే తుంగ ఉంది చూడండి, ఇదీ ఆ జాతి మొక్కే. అలాగని ఆయుర్వేదం కొట్లో తుంగముస్తెలు తెచ్చి చేసేయకండి. అవి చేదు, ఘాటు, మందుకు తప్ప పనికిరావు. టైగర్ నట్స్ అని అడిగి తెచ్చుకోండి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి.

పది పన్నెండు బిళ్లలకు కావలసినవి: పావుకిలో టైగర్ నట్స్, అరకప్పు తేనె, మెత్తటి ఖర్జూరాలు ఆరు, కరిగించిన నెయ్యి రెండు చెంచాలు, కాల్చడానికి మరికొంచెం, చిటికెడు ఉప్పు. వాళ్లు వాడింది ఎక్కువగా పశువుల కొవ్వు, నేను వాడేది ఆవునెయ్యి. ఖర్జూరం నేను వేసుకున్నదే. గోధుమ లేని పిండి కాబట్టి జిగురుండదు, అది పట్టి ఉంచుతుంది. తేనె దగ్గర మాత్రం రాజీ పడొద్దు. నేను గిరిజన కార్పొరేషన్ తేనె వాడతాను. ఇందులో మసాలా ఏదీ లేదు కాబట్టి తేనె ఎలాంటిదో నాలుకకు ఇట్టే తెలిసిపోతుంది.

పని అంతా పిండి దగ్గరే ఉంది. ఎండు టైగర్ నట్స్ రాళ్లలా ఉంటాయి. అలాగే మిక్సీలో వేస్తే బ్లేడు పాడవుతుంది, పిండీ రాదు. రాత్రి నానబెట్టండి. పొద్దున్నకి ముడతలు సాగి, కొరికితే పచ్చికొబ్బరికీ బాదానికీ మధ్య రుచి వస్తుంది. నీళ్లు వంచేసి, గుడ్డ మీద ఆరబోసి, పైతడి పోయాక మిక్సీలో ఆపి ఆపి బరకగా తిప్పండి. ఇనప రోలు ఉంటే అందులో దంచితే ఇంకా మంచిది, నూనె నెమ్మదిగా వదులుతుంది కాబట్టి ముద్ద కట్టదు. ఆ బరకను పళ్లెంలో పరిచి ఒక పూట మంచి ఎండలో పెట్టండి. వేళ్ల మధ్య నలిపితే గలగలమని రాలాలి. అప్పుడు మళ్లీ తిప్పి, మైదా జల్లెడతో జల్లించండి. జల్లెడలో మిగిలిన నూకను పారేయకండి, చివర్లో పనుంది. గోడ మీది మనుషులు జల్లెడ పట్టుకుని ఉండటం ఊరికే కాదు. జల్లించకుండా చేస్తే పొట్టు గొంతుకు అడ్డం పడుతుంది.

జల్లించిన పిండిని మూకుడులో సన్నటి సెగ మీద మంచి వాసన వచ్చేదాకా వేయించి దించండి. గింజ తీసిన ఖర్జూరాలను చేత్తో బాగా మెదిపి, నెయ్యి, ఉప్పుతో పాటు గోరువెచ్చటి పిండిలో కలపండి. తేనెను ఒక్కసారిగా పోయొద్దు. చెంచా చెంచాగా పోస్తూ పిసకాలి. పిడికిట్లో నొక్కి వదిలితే వేళ్ల గుర్తులు నిలబడాలి, చేతికి మాత్రం అంటకూడదు. అక్కడ ఆపేయండి, తేనె ఇంకా మిగిలినా ఫర్వాలేదు. మూతపెట్టి అరగంట వదిలితే పిండి తేనెను పీల్చుకుని గట్టిపడుతుంది.

సమాధిలో బొమ్మల్లో ఇవి పొడవుగా, మొన తేలి ఉంటాయి. ఇంట్లో కాల్చడానికి మందపాటి త్రికోణం బిళ్లలు వీలు. అంచులు వేలితో నొక్కి నున్నగా చేయండి, పగుళ్లుంటే అక్కడే విరుగుతాయి.

బరువైన ఇనప పెనం పెట్టి, చెంచాడు నెయ్యి వేసి, మంట బాగా తగ్గించండి. తేనె ఉన్న పిండి చూస్తూ చూస్తూనే మాడిపోతుంది, పెనం ముందు నుంచి కదలొద్దు. బిళ్ల పెట్టాక రెండు మూడు నిమిషాలు దాని జోలికి పోకండి. అంచు చుట్టూ చిన్న బుడగలు లేచి, అడుగు గోధుమరంగు తిరుగుతున్నట్టు పక్కనుంచి కనబడాలి. అప్పుడు పలచటి అట్లకాడ పూర్తిగా కిందికి దూర్చి తిప్పండి. వేడి మీద మెత్తగా ఉంటాయి, పళ్లెంలో చల్లారాకే బిగుస్తాయి. పిల్లలు వేడివేడిగా లాక్కుంటే పొడి అయిపోతుంది, కాసేపు ఆపండి.

తినేటప్పుడు పైన మిగిలిన తేనె కొంచెం. పీచు ఎక్కువ కాబట్టి మొదటిసారి రెండు బిళ్లలకు మించి తినకండి, నీళ్లు బాగా తాగండి. తేనె ఉంది కనుక ఏడాది లోపు పిల్లలకు అసలు పెట్టొద్దు. గాలి చొరని డబ్బాలో మూడు నాలుగు రోజులు బాగుంటాయి.

గోధుమతోనే ఏదైనా కావాలనుకుంటే మూడో రామ్‌సెస్ సమాధి బొమ్మలు చూడండి. రాజుగారి రొట్టెల వంటశాలలో ఇద్దరు కర్రలు ఆన్చుకుని పిండిని కాళ్లతో తొక్కుతుంటారు, ఇంకొకచోట చుట్టలు చుట్టిన పిండి కాలుతుంటుంది. వాళ్ల గోధుమ ఎమ్మర్ రకం, మన ఆర్గానిక్ షాపుల్లో ఖప్లీ పేరుతో దొరికేది అదే. ఆ పిండిని నెయ్యి, ఉప్పు, నీళ్లతో గట్టిగా కలిపి, తాడులా సాగదీసి, చుట్టచుట్టి నేతిలో రెండువైపులా ఎర్రగా కాల్చి, తేనెలో ముంచి తీయండి. మామూలు గోధుమపిండిలా సాగదు, తాడు లావుగా ఉండనివ్వండి.

దాచిన నూక సంగతి. రెండు గ్లాసుల నీళ్లలో గంటసేపు నానబెట్టి, మిక్సీ వేసి, గుడ్డలో పిండితే తెల్లటి పాలు వస్తాయి. ఫ్రిజ్‌లో చల్లబరిచి, అడుగున పేరుకున్న పిండిని కదిపి, బిళ్లలతో పాటు ఇవ్వండి. తేనె కలపక్కర్లేదు, వాటి తీపి వాటికే ఉంటుంది.