ఇంట్లో ఇద్దరికి ముఖం అదురుతుంటే మనకీ వస్తుందా? ఇవి చూసుకోండి

మా అమ్మకి ఎడమ కన్ను అదరడం మొదలైనప్పుడు బ్రాడీపేటలో మా చుట్టుపక్కలవాళ్లంతా ఆడవాళ్లకి ఎడమ కన్ను అదిరితే శుభమేగా అన్నారు. కొన్ని నెలలకి ఆ అదురు బుగ్గకీ, పెదవి మూలకీ దిగింది. టీ గ్లాసు నోటి దాకా తెచ్చేసరికి మూతి ఎడమ పక్కకి లాగేసి కన్ను మూసుకుపోయేది. విజయవాడలో ఒక కళ్ల డాక్టరు ఇచ్చిన చుక్కల మందుతో ఏడాది గడిచిపోయింది. మామయ్యకీ ఇదే ఉండటంతో ఇక నా వంతేనని టెన్షన్ పట్టుకుంది.

ముందు ఏది అదురుతోందో గమనించండి. ఒక్క రెప్పే సన్నగా అదిరి కొన్నాళ్లకి తగ్గిపోతే చాలాసార్లు నిద్ర చాలకో, కాఫీలు ఎక్కువయ్యో వచ్చిందే, భయం లేదు. రెండు కళ్లూ కలిసి గట్టిగా మూసుకుపోతుంటే అది బ్లెఫరోస్పాజమ్, వేరే జబ్బు. ఒక పక్కే అదురుతూ, నిద్రలో కూడా ఆగకపోతే హెమీఫేషియల్ స్పాజమ్ అని అనుమానించాలి. మెదడు కాండం నుంచి ముఖానికి వచ్చే ఏడో నరం బయటపడే చోట, నరం మీది పొర పల్చగా ఉంటుంది. అక్కడ ఒక రక్తనాళం ఆనుకుని, నాడి కొట్టుకున్నప్పుడల్లా ఒత్తుతూ ఉంటే, తొడుగు అరిగిన వైరులా ఆ నరం దానంతటదే కండరాలని లాగేస్తుంది. గడ్డలు కారణం కావడం అరుదు.

వంశం సంగతికొస్తే, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చిన కేసులున్నాయి కానీ బాగా తక్కువ, ఫలానా జన్యువు అని తేలలేదు, కాబట్టి దీనికోసం జన్యు పరీక్షలకి డబ్బు పోయకండి. నలభై దాటినవాళ్లలో, ఆడవాళ్లలో ఎక్కువ. బీపీకీ దీనికీ సంబంధం కనిపిస్తుంది, అది చూపించుకోండి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని అమ్మమ్మ, పెద్దమ్మలని అడగండి, పాత పెళ్లి ఆల్బమ్ తిరగేయండి. మా మామయ్య ఒక్కో ఫోటోలో కుడి కన్ను సగం మూసుకునే ఉన్నాడు, ఎవరమూ పట్టించుకోలేదు.

వెళ్లాల్సింది న్యూరాలజిస్టు దగ్గరికి. అదురుతున్నప్పుడు ఫోన్లో వీడియో తీసి తీసుకెళ్లండి, డాక్టరు ముందు కూర్చునేసరికి ఒక్కోసారి ఆగిపోతుంది. ఎమ్మారై తీయిస్తారు. కండరాన్ని కొన్నాళ్లు సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ పనిచేస్తే మూడు నాలుగు నెలలు హాయి, నాళాన్ని నరం నుంచి పక్కకి జరిపే ఆపరేషన్ కూడా ఉంది. కానీ ఉన్నట్టుండి మూతి జారిపోయినా, చెయ్యి బలహీనపడినా, మాట తడబడినా ఇది కాదు, పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.