నడుం తగ్గాలె, మొకం పీక్కపోవద్దు: నలభై దాటినవాళ్లు బరువు తగ్గే పద్ధతి

నలభై ఐదేళ్ల మనిషి ఆరు కిలోలు తగ్గి దేవరకొండలో ఏదో పెండ్లికి పోతే మొదట వినబడేది మెచ్చుకోలు కాదు. "ఏందే, గిట్ల బక్కగైనవ్? పానం మంచిగ లేదా? షుగర్ గిట్ల వచ్చిందా?" అని పట్టుకుంటారు. నడుం సన్నబడ్డ సంగతి చీరలోనో, వదులు చొక్కాలోనో దాగిపోతుంది. పీక్కపోయిన మొకం మాత్రం దాగదు. ఆ మాట నలుగురి నోట పడగానే చాలామంది భయపడి మళ్లీ మూడు పూటలా అన్నం మొదలుపెడతారు. పోయిన ఆరు కిలోలు ఏడెనిమిదై తిరిగొస్తాయి, అవీ పొట్టకే పడతాయి.

ఆ ప్రశ్నలో ఒక సంగతి మాత్రం నిజం. తగ్గాలని ఏమీ చేయకుండానే ఆరు నెలల్లోనో ఏడాదిలోనో బరువులో నూటికి 5 వంతులు పోతే, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే, అది సంబరపడే తగ్గుడు కాదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చేయించాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీబీ ఉందేమో చూసే తెమడ పరీక్షకు ఇవ్వాలి, దానికి డబ్బులు తీసుకోరు. ఇక్కడినుంచి చెప్పేదంతా కావాలని తగ్గేవాళ్ల కోసం.

మొకమే ఎందుకు ముందు చెడుతుంది

చెంపల్లో, కణతల్లో, కండ్ల కింద కొవ్వు చిన్న చిన్న మెత్తల్లా విడివిడిగా ఉంటుంది. నలభై దాటాక లోపలి మెత్తలు వాటంతటవే పలచబడతాయి. కంటి గూడు చుట్టూ, పై దవడ దగ్గర ఎముక కూడా కొంత అరుగుతుంది. చర్మాన్ని బిగుతుగా పట్టి ఉంచే కొల్లాజెన్ ఏటికేడు తగ్గుతుంది. ఆడవాళ్లకు ముట్లు ఆగిన తర్వాతి తొలి అయిదేళ్లలోనే దాదాపు 30 శాతం పోతుంది. ఇరవై ఏళ్లప్పుడు పది కిలోలు తగ్గినా చర్మం రబ్బరులా వెనక్కి వస్తుంది. యాభైలో అది సాగిన లాస్టిక్. లోపలి దూది తీస్తే గలీబు ముడతలు పడ్డట్టే చర్మమూ ముడతలు పడుతుంది.

ఒక్క బుగ్గల్లో మాత్రం కొవ్వు ఉంచి పొట్టది మాత్రమే తీసే తిండి గానీ, వ్యాయామం గానీ లేదు. మన చేతిలో ఉన్నవి మూడే: ఎంత వేగంగా తగ్గుతాం, పోయేదాంట్లో కండ ఎంత, ఎక్కడ ఆగుతాం. ఆఖరిదాన్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి దాంతోనే మొదలుపెడదాం.

ఎక్కడ ఆగాలి

పెండ్లినాటి ఫొటో చూసి "అప్పుడు 54 ఉన్న, మళ్లీ 54 కావాలె" అనుకోవడమే పెద్ద పొరపాటు. ఆ 54 కిలోల్లో ఉన్న కండ, ఎముక ఇప్పుడు లేవు. ఇప్పుడు 54కు దిగితే అది మొకం మీదనే తేలుతుంది. తూకం కన్నా టేపును నమ్మండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడుమ, గాలి మామూలుగా వదిలాక, టేపు బిగించకుండా కొలవాలి. మన దేశపు వాళ్లకు హద్దు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90. బీపీ, షుగర్ దారికి రావడానికి ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా మస్తు తేడా ఉంటుంది. 78 కిలోలవాళ్లు 72కు వచ్చి, నడుం హద్దు దగ్గరికి చేరి, రక్త పరీక్షలు బాగుంటే అక్కడ ఆగొచ్చు. ఇంకో నాలుగు కిలోల కోసం కొట్లాడితే లాభం కొంచెమే, ఆ నష్టమంతా చెంపలు భరించాలి.

వేగం

వారానికి బరువులో అర శాతం, మించితే ముప్పావు. 70 కిలోలవాళ్లకు 350 నుంచి 500 గ్రాములు, నెలకు కిలోన్నర నుంచి రెండు కిలోలు. తొలి పది రోజుల్లో ఒకటిన్నర, రెండు కిలోలు ఒక్కసారే పోవడం చూసి మురిసిపోవద్దు, అది చాలా వరకు నీళ్లే. అప్పుడు మొకం సన్నబడేది కూడా ఉప్పుకు పట్టిన వాపు దిగడం వల్లనే.

కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు. వారానికి అర కిలో తగ్గాలంటే రోజుకు 500 చిల్లర కోత పడాలి. రాత్రి అన్నంలో 200 గ్రాములు తగ్గిస్తే 260. మూడు చాయల్లో రెండేసి చెంచాల చక్కెర మానేస్తే సుమారు 100. నలభై నిమిషాల చురుకైన నడక ఇంకో 150. లెక్క అక్కడికి సరిపోయింది. దీనికోసం ఉపాసాలు అక్కరలేదు.

ఉపాసం మాటొచ్చింది కాబట్టి: శనివారమో సోమవారమో ఒక్కపొద్దు ఉంటే మొకానికి వచ్చే నష్టం లేదు. రోజూ ఒక్క పూటే తిని, అందులోనూ అన్నం, పచ్చిపులుసుతో సరిపెట్టుకుంటే మాత్రం కండ కరుగుతుంది. రెండు, మూడు నెలలకు దువ్వెన నిండా వెంట్రుకలు కూడా వస్తాయి. జుట్టు రాలుడు, మొకం పీక్కపోవుడు కలిసి వచ్చాయంటే వేగం ఎక్కువైందని అర్థం.

నాలుగైదు కిలోలు తగ్గాక మూడు, నాలుగు వారాలు అదే బరువు మీద నిలబడండి. తిండి కొంచెం పెంచి, వ్యాయామం అలాగే ఉంచాలి. చర్మం కుదురుకోవడానికి నెలలు పడుతుంది, దానికి ఆ వ్యవధి ఇవ్వాలి. ఇంట్లో పెండ్లి ఉంటే ఆరు నెలల ముందు మొదలుపెట్టి, ఆరు వారాల ముందే ఆపేయాలి. పెండ్లికి నెల ముందు మొదలుపెట్టినవాళ్ల మొకం ఆల్బమ్‌లో ఏండ్లపాటు అలాగే ఉండిపోతుంది.

కంచంలో ఏముండాలి

మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టికలో ఉంది. బరువు తగ్గేటప్పుడు అది చాలదు. 1.0 నుంచి 1.2 గ్రాములకు పెంచాలి. 70 కిలోలంటే 70 నుంచి 84 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉన్నా, రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే కొలత) ఎక్కువున్నా డాక్టర్‌ను అడగకుండా పెంచొద్దు.

పాలమూరు, నల్లగొండ వంటింట్లో ఈ లెక్క ఇట్లా కుదురుతుంది. పొద్దున రెండు గుడ్లు (12 గ్రాములు), 50 గ్రాముల పెసలతో పోసిన పెసరట్లు (12). పగలు 80 గ్రాముల పిండితో రెండు జొన్న రొట్టెలు (8), 40 గ్రాముల కందిపప్పుతో గట్టిపప్పు (9), చిన్న గిన్నెడు పెరుగు (5). సాయంత్రం చాయ్ పక్కన బిస్కట్లు, మిర్చీబజ్జీల జాగాలో 30 గ్రాముల ఉలవలో శనగలో ఉడికించి పోపు వేసుకుంటే 6. రాత్రి ఒక రొట్టె (4), 120 గ్రాముల చికెన్ లేదా చేప (22 నుంచి 25). మొత్తం 78 నుంచి 81 మధ్య. మాంసం ముట్టనివాళ్లు రాత్రికి 30 గ్రాముల సోయా ముక్కలు (15), పొద్దున గుడ్ల బదులు 75 గ్రాముల పన్నీర్ (13) వేసుకుంటే 70 దాటుతుంది.

లెక్క ఎక్కువగా తప్పేది పప్పుచారు దగ్గర. గుప్పెడు పప్పుతో ఇంటిల్లిపాదికీ చారు కాస్తే మనిషికి రెండు గ్రాములు కూడా రావు. రెండో తప్పు పల్లీలతో. వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లీలు రుచిగానే ఉంటాయి, వంద గ్రాములకు 25 గ్రాముల ప్రోటీన్ ఉన్నది కూడా నిజమే. కానీ ఆ వంద గ్రాముల్లో 560కి పైగా కేలరీలుంటాయి. రోజుకు ఒక గుప్పెడు, అంతకు మించొద్దు.

నూనె పూర్తిగా మానడం కూడా తప్పే. మనిషికి నెలకు అర కిలో చొప్పున, అంటే రోజుకు మూడు, నాలుగు చెంచాలు ఉండనివ్వండి. కొల్లాజెన్ తయారు కావాలంటే విటమిన్ సి కావాలి. దానికి ఒక జామపండు చాలు. నల్లగొండ బత్తాయిని రసం తీసి చక్కెర వేసుకుని తాగితే వద్దనుకున్న చక్కెర మళ్లీ లోపలికే వస్తుంది, తొనలు ఒలుచుకుని తినండి. డబ్బాల్లో అమ్మే కొల్లాజెన్ పొడి కడుపులో అరిగి మామూలు ప్రోటీన్ లెక్కనే మారుతుంది. ఆ డబ్బులకు ఎన్నో గుడ్లు వస్తాయి.

కండ నిలవాలంటే

బరువు మోసే వ్యాయామం లేకుండా తగ్గితే పోయినదాంట్లో నాలుగో వంతో, అంతకన్నా ఎక్కువో కండే ఉంటుంది. మెడ వంగి, భుజాలు జారితే మొకం ఇంకా డీలాగా కనబడుతుంది. నడక గుండెకు మంచిదే కానీ ఈ పని చేయదు. "పొలంల పొద్దంత వంగుతనే ఉంట గద" అనేవాళ్లుంటారు. ఆ పని ఓపికనిస్తుంది, కానీ ఏండ్ల తరబడి అదే బరువైతే కండ పెరగదు.

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఇరవై ఐదు నిమిషాలు చాలు. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు. గోడకు చేతులు ఆనించి దండీలు పదిసార్లు. రెండు చేతులా అయిదేసి లీటర్ల నీళ్ల క్యాన్లు పట్టుకుని, నడుం కొంచెం వంచి, మోచేతులు వెనక్కి గుంజడం పదిసార్లు. మెట్టు అంచున నిలబడి మడమలు లేపడం పదిహేనుసార్లు. ఈ నాలుగూ కలిపి ఒక చుట్టు, అలా మూడు చుట్లు. ఆఖరి రెండు సార్లు కష్టమనిపించాలి. పన్నెండు తేలికగా వస్తున్నాయంటే బరువు పెంచాల్సిన టైం వచ్చిందన్నమాట.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లలో మెడ తిరగక, నడుం వంగక ఉన్నవాళ్లు వంగి బరువులు గుంజొద్దు. కుర్చీలో కూర్చుని రబ్బరు బ్యాండుతో చేయొచ్చు, ఆర్థోపెడిక్ డాక్టర్‌కు ఒకసారి చూపించుకున్నాకే.

మొకానికి చేసే ఎక్సర్‌సైజుల గురించి: 2018లో అమెరికాలో చేసిన ఒక చిన్న అధ్యయనంలో నడివయసు ఆడవాళ్లు 20 వారాలు చేస్తే బుగ్గలు కొంచెం నిండినట్టు కనబడ్డాయి. చివరిదాకా చేసింది 16 మందే. రోజుకు అరగంట ఓపిక ఉంటే చేయండి, నష్టం లేదు. అరగంటే ఉందంటే మాత్రం క్యాన్లు లేపడం మేలు.

పళ్లు

బుగ్గలు లోపలికి పోవడానికి అందరూ మరిచే కారణమిది. పన్ను పీకించుకుని జాగా ఖాళీగా వదిలేస్తే అక్కడి దవడ ఎముక అరుగుతుంది. పెదవికి, బుగ్గకు లోపలి ఆసరా పోతుంది. నమలలేక మాంసం, శనగలు మానేసి మెత్తటి అన్నం, చారుకు దిగుతారు, ప్రోటీన్ లెక్క అక్కడ కూడా తప్పుతుంది. మూడు, నాలుగు పళ్లు లేనివాళ్లు బరువు తగ్గే పని మొదలుపెట్టే ముందే డెంటిస్టు దగ్గర కట్టుడు పళ్లో, బ్రిడ్జో చూసుకోవాలి. చెంప తేడా ఫిల్లర్ (చర్మం కింద సూదితో ఎక్కించి నింపే మందు) కన్నా ముందు ఇక్కడ కనబడుతుంది.

ఎండ, క్రీములు

43, 44 డిగ్రీల ఎండలో తిరిగే మొకానికి కొల్లాజెన్ ఎక్కువగా కరిగేది కాలుష్యంతోనో, చింతతోనో కాదు, ఎండతో. ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన ఉన్న సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవునా పిండి మొకానికీ మెడకూ రాయాలి. బయట ఉంటే రెండు, మూడు గంటలకోసారి మళ్లీ. సాధారణంగా రాసేది ఇందులో పావు వంతో, సగమో, అందుకే "రాసినా ఏం ఫాయిదా లేదు" అంటారు. పొలంలో ఉండేవాళ్లకు వెడల్పు అంచు టోపీ, తల చుట్టూ తువ్వాల దీనికన్నా నిక్కమైన పని చేస్తాయి.

రాత్రిపూట విటమిన్ ఏ జాతి క్రీములు: అడాపలీన్ 0.1 శాతం గానీ, డాక్టర్ రాస్తే ట్రెటినాయిన్ 0.025 శాతం గానీ, శనగ గింజంత, మొదట వారానికి రెండు రాత్రులే. పొట్టు లేస్తే వ్యవధి పెంచాలి. ఫలితానికి మూడు నుంచి ఆరు నెలలు. కడుపుతో ఉన్నవాళ్లు, ఆ ఆలోచనలో ఉన్నవాళ్లు వాడొద్దు. మందుల దుకాణంలో అడిగితే ఇచ్చే "తెల్లబడే" క్రీములను మాత్రం ముట్టొద్దు. బెటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ కలిసినవి మొదట నిగనిగలాడించి, తర్వాత చర్మాన్ని ఉల్లిపొరలా పలచన చేస్తాయి. బీడీ, సిగరెట్ కూడా అదే పని నిదానంగా చేస్తాయి.

బరువు తగ్గే ఇంజెక్షన్లు

సెమాగ్లూటైడ్ (ఓజెంపిక్ పేరుతో అమ్మేది ఇదే), టిర్జెపటైడ్ వాడేవాళ్లలో కనబడే "ఓజెంపిక్ ఫేస్", అంటే పీక్కపోయిన మొకం, ఆ మందు నేరుగా మొకానికి చేసే కీడు కాదు. ఆకలి చచ్చి, తిండి మానేసి, వేగంగా తగ్గడం వల్ల వస్తుంది. వారానికి ఒక శాతం దాటి తగ్గుతుంటే డోసు పెంచకుండా అక్కడే ఉంచొచ్చేమో డాక్టర్‌ను అడగండి. కంచంలో పప్పు, గుడ్డు, చేప ముందు తిని, కడుపులో జాగా మిగిలితేనే రొట్టె.

నింపించుకోవాలనుకుంటే

నెలకోసారి, అదే కిటికీ పక్కన, అదే సాయంత్రం వేళ, ఎదురుగా ఒకటి, పక్కవాటుగా ఒకటి ఫొటో తీసి పెట్టుకోండి. పొద్దున లేవగానే మొకం ఉబ్బి ఉంటుంది, ఆ ఫొటో మోసం చేస్తుంది. బరువు ఒకచోట నిలిచి మూడు నుంచి ఆరు నెలలు గడిచేదాకా ఫిల్లర్ల జోలికి పోవద్దు. తగ్గుతూ ఉండగా నింపిస్తే కొలత తప్పుతుంది, డబ్బు వృథా. హయాలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుంది. సొంత కొవ్వు తీసి నింపితే ఎక్కువ కాలం ఉంటుంది కానీ మళ్లీ బరువు పెరిగితే ఆ కొవ్వు కూడా పెరుగుతుంది. చర్మం బిగించే హైఫూ మిషన్ వేడికి ఉన్న కాస్త చెంప కొవ్వు కూడా కరగొచ్చు, కాబట్టి ఇప్పటికే పీక్కపోయిన మొకానికి అది పనికిరాదు.

ఫిల్లర్ వేసేది చర్మ డాక్టరో, ప్లాస్టిక్ సర్జనో అయి ఉండాలి, పార్లర్‌లో వద్దే వద్దు. సూది పెట్టించుకునే ముందు "హయాలురోనిడేజ్ మీ దగ్గర ఉందా?" అని అడగండి. ఫిల్లర్ రక్తనాళంలోకి పోతే దాన్ని కరిగించే మందు అదే. సూది తర్వాత భరించలేని నొప్పి వచ్చినా, చర్మం తెల్లబడినా, నీలంగా మచ్చలు పడినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగకుండా ఆ గంటలోనే ఆ డాక్టర్ దగ్గరికి తిరిగి పోవాలి. ఆ మందు ఎదురుగా పెట్టి చూపించని చోట సూది వేయించుకోకుండానే లేచి రావచ్చు.