చిమ్నీ దగ్గర కూర్చుని – 4వ పాఠం: ఒక చిన్న భాగహారం

ఆసుపత్రి చెత్త కాల్చే ఇన్సినరేటర్‌లో చెత్త ఎంత బాగా కాలుతోందో ఈ పాఠంలో లెక్క కడదాం. వేడి కొలిచే థర్మోకపుల్ బిగించేశారు కదా? ముందుకెళ్లే ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో చవగ్గా దొరికిందని, థర్మోకపుల్‌ని చదివే మ్యాక్స్ 6675 చిప్ ఉన్న బోర్డు కొన్నాను. ఇన్సినరేటర్‌లో పొగను మళ్లీ కాల్చే సెకండరీ చాంబర్‌కి పెడితే, అంకె గంటల తరబడి 1023 దగ్గర కదలకుండా నిలబడింది. బర్నర్ ఎంత బాగా పనిచేస్తోందో అని మురిసిపోయాం. తీరా చూస్తే ఆ చిప్‌కి అంతకుమించి లెక్కే రాదు! అక్కడ ఉండాల్సిన వేడేమో 1050 డిగ్రీలు, యాభై అటూ ఇటూ. మ్యాక్స్ 31855 కొనుక్కోండి, 1350 దాకా చదువుతుంది. చెత్త వేసే ప్రైమరీ చాంబర్‌కి 800 డిగ్రీలే కాబట్టి పాతదే చాలు.

ఇక పొగ సంగతి. మా ప్లాంటులో నెల్లూరు ఆపరేటర్ ఒకాయన ఉన్నాడు. "పొగే కనబడటం లేదు కదన్నా, బాగా కాలినట్టే" అంటాడు. నల్లపొగ వస్తే సరిగ్గా కాలడం లేదని ఎవరైనా చెబుతారు. కానీ సగం కాలినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. అందుకే లెక్క కావాలి.

కార్బన్ డయాక్సైడ్ శాతాన్ని, డయాక్సైడ్, మోనాక్సైడ్ రెండూ కలిపిన శాతంతో భాగించి వందతో గుణించండి. ఆసుపత్రి చెత్తపై వచ్చిన 2016 నిబంధనల ప్రకారం ఇది 99కి తగ్గకూడదు. డయాక్సైడ్ 8 శాతం, మోనాక్సైడ్ 200 పీపీఎం (పది లక్షల్లో 200 భాగాలు) అనుకోండి. పదివేల పీపీఎం ఒక శాతం కాబట్టి 200 అంటే 0.02. 8ని 8.02తో భాగిస్తే 99.75, పాస్. అదే మోనాక్సైడ్ 1000 అయితే 98.77, ఫెయిల్.

ఈ లెక్కలో నాకు నచ్చేది ఒకటుంది. చిమ్నీలోకి బయటి గాలి దూరితే రెండు వాయువులూ ఒకే పాళ్లలో పలచబడతాయి, నిష్పత్తి మారదు. పీపీఎం ఒక్కటే చూసేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

సెన్సర్ల దగ్గర పిసినారితనం వద్దు. చవగ్గా దొరికే మోనాక్సైడ్ సెన్సర్ ఎంక్యూ-7 హైడ్రోజన్‌కీ స్పందిస్తుంది, తేమకీ తడబడుతుంది. ఎలక్ట్రోకెమికల్ రకం తీసుకోండి. దానికీ హైడ్రోజన్ బెడద కొంత ఉంది గానీ, సరిదిద్దిన రకాలు దొరుకుతాయి. డయాక్సైడ్‌కి ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్, 20 శాతం దాకా చదివేది. గదిలో గాలి కొలిచే రకం 5000 పీపీఎం దగ్గరే ఆగిపోతుంది, అంటే అర శాతం.

వరుస ఇదీ: చిమ్నీలోకి స్టీలు గొట్టం, గ్లాస్ ఊల్, ఐసులో పెట్టిన సీసా, 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు, ఆ తర్వాత సెన్సర్లు. సీసా మానేస్తే ఆవిరి నీరై సెన్సర్‌లోకి దిగుతుంది. మధ్యమధ్యలో నీళ్లు పారబోస్తూ ఉండండి. పంపు వదిలే గాలిని మాత్రం గొట్టంతో బయటికి పంపాలి, గదిలో వదిలితే ప్రాణం మీదికొస్తుంది.

ఈ వారం పని: గంటసేపు, పది సెకన్లకోసారి రీడింగులు రాయించండి. చెత్త బస్తా వేసిన ప్రతిసారీ టైము పక్కనే గీత పెట్టండి. సగం గంట పెద్ద బస్తాలు, మిగతా సగం అంతే బరువును చిన్నచిన్నగా వేయించండి. మోనాక్సైడ్ ఏ గీత పక్కన ఎంత ఎగిరిందో చూసుకుని, ఆ కాగితంతో 5వ పాఠానికి రండి.