రాజుగారి పర్యటన వార్తల్లో అసలు ఏం చూడాలి?

బ్రిటన్ రాజు ఏ దేశం వెళ్లినా టీవీలో గుర్రపు బగ్గీ, సైనిక వందనం, రాణిగారి టోపీ రంగు, ఇవే చూపిస్తారు. చూడండి, నాకూ సరదానే. కాకపోతే ముందు ఒకటి అడగండి: ఈయన్ని పంపిందెవరు? స్టేట్ విజిట్‌కి, అంటే దేశం తరఫున చేసే అధికారిక పర్యటనకి, రాజు తన ముచ్చట కొద్దీ వెళ్లడు, ప్రభుత్వం వెళ్లమంటే వెళ్తాడు. 2023లో రాజు చార్లెస్ మొదటి విజిట్ ఫ్రాన్స్‌కి, ఆ వెంటనే జర్మనీకి అని పెట్టారంటే బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) తర్వాత యూరప్‌తో మళ్లీ మాట కలపాలన్నది లండన్ లెక్క. పెన్షన్ గొడవలతో ఫ్రాన్స్ అట్టుడికిపోయి అది వాయిదా పడింది, జర్మనీ మొదటిదైంది.

తర్వాత, ఎక్కడ ఆగారో చూడండి. దీనికి 2011 మే నెలలో ఐర్లండ్ రాజధాని డబ్లిన్ పర్యటనని మించింది లేదు. 1911లో రాజు జార్జ్ 5 వెళ్లాక మళ్లీ వందేళ్లకి అక్కడ అడుగుపెట్టిన రాణి ఎలిజబెత్, ఆకుపచ్చ బట్టల్లో విమానం దిగి, అదే రోజు గార్డెన్ ఆఫ్ రిమెంబ్రెన్స్‌లో పుష్పగుచ్ఛం పెట్టి తల వంచింది. అది ఎవరి స్మారకం? బ్రిటన్ మీద పోరాడి చనిపోయిన ఐరిష్ వాళ్లది! మర్నాడు, 1920లో బ్రిటిష్ బలగాలు జనం మీద కాల్పులు జరిపిన క్రోక్ పార్క్ స్టేడియానికి కూడా వెళ్లింది. రాత్రి విందులో ప్రసంగం ఐరిష్‌లో మొదలుపెట్టేసరికి పక్కనున్న ప్రెసిడెంట్ మేరీ మెకలీస్ నోట “వావ్” అని వచ్చేసింది. ఐరిష్‌లో అన్నది ఐదే మాటలు, “ప్రెసిడెంట్ గారూ, మిత్రులారా” అని, అంతే.

ప్రసంగంలో లేని మాట కోసం కూడా వెతకండి. 2023లో నైరోబీలో చార్లెస్, వలస పాలనలో కెన్యన్ల మీద జరిగిన హింసకి సాకు లేదన్నాడు, విచారం వ్యక్తం చేశాడు, క్షమాపణ మాత్రం చెప్పలేదు. మర్చిపోయి కాదు లెండి. ఆ మాట అంటే వెనకాలే పరిహారం అడుగుతారన్న భయం ప్రభుత్వానిది అని నా అనుమానం.

ఇక రాజు కెనడా వెళ్తే పైన చెప్పిన లెక్క మారుతుంది, ఎందుకంటే అక్కడ ఆయన అతిథి కాదు, కెనడాకీ ఆయనే రాజు, సలహా ఇచ్చేది ఒట్టావాలోని కెనడా ప్రభుత్వం. ట్రంప్ కెనడాని అమెరికాకి 51వ రాష్ట్రం అంటున్న రోజుల్లో ప్రధాని కార్నీ పిలిస్తే 2025 మే 27న వెళ్లి పార్లమెంట్ సమావేశాలు మొదలుపెట్టే ప్రసంగం చదివాడు. 1977 తర్వాత రాజో రాణో వచ్చి అలా చదవడం అదే మొదటిసారి. రాసింది కార్నీ ప్రభుత్వం. ట్రంప్ పేరు ఎత్తకుండానే కెనడా బలంగా, స్వేచ్ఛగా ఉందని రాజు నోట చెప్పించింది. మరి అదే చార్లెస్ సెప్టెంబర్‌లో విండ్సర్ కోటలో ట్రంప్‌కి విందు ఇచ్చాడు, ఆ ఆహ్వానం లండన్ ప్రభుత్వం సలహా మీద వెళ్లింది.