జాకీ మీదున్న కారు కింద దూరకండి

సంక్రాంతికి నాన్నగారి పాత కారును రోడ్డెక్కించాలని చాలా ఇళ్లలో ఇప్పుడు పనులు మొదలయ్యాయి. మొన్న మా పక్క ఊళ్లో ఒకాయన పెరట్లో ప్రీమియర్ పద్మిని కింద పడుకుని సైలెన్సర్ బిగిస్తుంటే జాకీ ఒరిగి కారు ఆయన మీద పడింది. ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చి లేపబట్టి ప్రాణం దక్కింది. పక్కటెముకలు విరిగాయి.

గ్లౌజులు, కళ్లద్దాల సంగతి అందరికీ తెలిసిందే. నా భయమంతా జాకీతోనే. దాని పని కారును పైకి లేపడం వరకే. అది మోస్తుండగా కింద దూరకూడదు. పద్మిని దాదాపు 900 కిలోలు, అంబాసిడర్ టన్ను పైమాటే. హైడ్రాలిక్ జాకీలో ఆ బరువును ఆపేది లోపలి ఆయిలు, ఆ ఆయిల్‌ని ఆపేది చిన్న రబ్బరు సీలు. అది ఎప్పుడు జారుతుందో పైకి కనపడదు. పైగా వానలకు నానిన పెరటి మట్టిలో జాకీ ఒక పక్కకు దిగబడుతుంది.

కాబట్టి జాకీతో లేపి, ఇనుప స్టాండ్ల మీదకు దించండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దు, ఉన్నట్టుండి పగిలిపోతాయి. స్టాండ్లు గట్టి నేల మీదే ఉండాలి. వెనక చక్రాల ఇరుసును కప్పి ఉండే హౌసింగ్ గొట్టం కింద రెండు పక్కలా పెట్టండి. ఈ రెండు బండ్లకూ విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింది అంచు పైకి పెయింటుతో నిగనిగలాడుతున్నా లోపల తుప్పు పట్టి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. దిగబడితే అక్కడ జాకీ కూడా పెట్టొద్దు.

"గేర్లో వేశాం, హ్యాండ్ బ్రేక్ లాగాం" అంటారు. ఈ బండ్లలో ఆ రెండూ పట్టుకునేది వెనక చక్రాలనే. వెనక భాగం లేపాక ముందు చక్రాలను ఆపేది ఏదీ ఉండదు. వాటికి ముందూ వెనకా చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాకే జాకీ తిప్పండి. వెనక ఒక్క చక్రమే లేపినా గేరును నమ్మొద్దు. లేచిన చక్రం ఒకవైపు తిరుగుతుంటే నేల మీది చక్రం రెండోవైపు దొర్లిపోతుంది, రెండు వెనక చక్రాలనూ కలిపే గేర్ల పెట్టె, డిఫరెన్షియల్, తీరే అంత.

చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చేయండి. ఊడదీసిన చక్రాన్ని అడ్డుగా బాడీ కిందకు తోయండి. దూరే ముందు కారును రెండు చేతులతో గట్టిగా ఊపి చూడండి. రెండు నిమిషాల పనైనా సరే, జాకీ మీదున్న కారు కింద దూరకండి. ఒంటరిగా అసలు దూరకండి, చేతులు ఇరుక్కుంటే జేబులో ఫోనున్నా తీయలేరు. బండి కింద మనిషి ఉండగా పిల్లల్ని కార్లోకి ఎక్కనివ్వొద్దు. పెట్రోల్ ట్యాంకు ఖాళీ అయినా వెల్డింగ్ పెట్టొద్దు, లోపలి ఆవిరే పేలుతుంది. బ్యాటరీ వైర్లలో మొదట బాడీకి బిగించిన ఎర్త్ వైరు తీయండి. బ్రేక్ డ్రమ్ములోని దుమ్మును ఊదొద్దు, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి. కార్బురేటర్లో పెట్రోల్ పోసి సెల్ఫ్ కొట్టొద్దు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేయొద్దు. జాకీ మీదున్న కారు కిందకు చెయ్యి కూడా పెట్టొద్దు. స్టాండ్లు లేకపోతే ఆ పని మెకానిక్ షెడ్డుకు ఇచ్చేయండి.