దుబాయ్ ఫ్లైటెక్కే ముందు ఫోన్‌లో ఆ తాళంచెవి గుర్తు చూసుకోండి

మొన్న జగిత్యాలలో మా షాపుకి ఒక తమ్ముడు ఫోన్ పట్టుకొచ్చాడు. సెలవు అయిపోయింది, వారంలో తిరుగు ప్రయాణం. "అన్నా, పొద్దున ఫుల్ చార్జింగ్ పెడితే పన్నెండింటికల్లా ముప్పై శాతానికి వస్తోంది. బ్యాటరీ మార్చెయ్" అన్నాడు. బ్యాటరీకి ఏ రోగమూ లేదు. స్క్రీన్ పైన, గడియారం వరసలో చిన్న తాళంచెవి గుర్తు ఉంది. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ కలవవని అక్కడి రూమ్మేట్ ఎవరో ఉచిత వీపీఎన్ (ఫోన్ నెట్‌ను వేరే సర్వర్ మీదుగా తిప్పే యాప్) వేసిచ్చాడట. ఊరికొచ్చాక కూడా అది రాత్రంతా నడుస్తూనే ఉంది.

ప్రాక్సీ మంచిదా, వీపీఎన్ మంచిదా అని అందరూ అడుగుతారు. కాలేజీలో ప్రాక్సీ అటెండెన్స్ లాంటిదే ఈ ప్రాక్సీ కూడా. మీ బదులు ఇంకొకడు (నెట్‌లో అయితే ఇంకో సర్వర్) పలుకుతాడు, అదీ ఆ ఒక్క క్లాసులోనే. బ్రౌజర్‌లో పెడితే బ్రౌజర్‌కే, మిగతా యాప్‌లు మామూలు దారినే పోతాయి. పైగా చాలా ప్రాక్సీలు సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేయవు, అంటే మధ్యలో ఎవరూ చదవలేని కోడ్‌లోకి మార్చవు. వీపీఎన్ అయితే మొత్తం ఫోన్ ట్రాఫిక్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి తన సర్వర్‌కు తీసుకెళ్తుంది. మీరు ఏ సైట్లు చూస్తున్నారో మీ నెట్ కంపెనీకి కనపడదు. అదంతా వీపీఎన్ వాడికి కనపడుతుంది. అంటే కాపలా మనిషిని మార్చారంతే. అసలు మనలో చాలామందికి ఈ రెండూ అక్కర్లేదు.

ఇక జనం మునిగేది ఎక్కడంటే, ఉచిత వీపీఎన్ దగ్గర. సర్వర్లకు అద్దె కట్టాలి, నెట్‌కు డబ్బు కట్టాలి. మీ దగ్గర తీసుకోనివాడు అది ఎక్కడ రాబట్టుకుంటాడు? కొందరు మీ ఫోన్‌నే ప్రాక్సీగా మార్చి అమ్ముతారు. 2024 మేలో అమెరికా పోలీసులు 911 ఎస్5 అనే నెట్‌వర్క్‌ను పట్టుకున్నారు. మాస్క్‌వీపీఎన్, డ్యూవీపీఎన్, షైన్‌వీపీఎన్ లాంటి ఉచిత యాప్‌లు వేసుకున్న జనం కంప్యూటర్లే దాని సరుకు. మొత్తం 1.9 కోట్లకు పైగా ఐపీ అడ్రసులు, అంటే నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే నంబర్లు. మోసగాళ్లు అద్దె కట్టి వాటి మీదుగా నేరాలు చేశారు. నేరం ఎవడిదో, అడ్రసు మాత్రం యాప్ వేసుకున్నవాడిది.

అందుకే మళ్లీ చెబుతున్నా, ఉచిత వీపీఎన్ వద్దు. ప్లే స్టోర్‌లో కోటి డౌన్‌లోడ్లు ఉన్నా వద్దు.

యూఏఈలో వీపీఎన్ మొత్తంగా నిషేధం కాదు, కంపెనీలు తమ పనికి వాడుకుంటాయి. కానీ నేరం చేయడానికో, దాన్ని దాచడానికో ఐపీ మారిస్తే 2021 నాటి సైబర్ చట్టం కింద జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా. అమ్మతో మాట్లాడటానికి ఆ రిస్క్ ఎందుకు? బోటిమ్ లాంటి, అక్కడ కాల్స్‌కు అనుమతి ఉన్న యాప్‌లు వాడండి.

మిగతావి:

సెట్టింగ్స్‌లో వీపీఎన్ అని వెతకండి. మీకు తెలియని పేరుంటే తీసేయండి.

ఎయిర్‌పోర్ట్ వైఫైలో బ్యాంకు పని వద్దు. మొబైల్ డేటాకు మారండి.

డబ్బు కట్టి వీపీఎన్ వాడేవాళ్లు ఆండ్రాయిడ్‌లో "ఆల్వేస్ ఆన్", "వీపీఎన్ లేకుండా కనెక్షన్ ఆపు" రెండూ పెట్టుకోండి. అవి లేకుంటే, వీపీఎన్ మధ్యలో తెగినప్పుడు అసలు అడ్రసు బయటపడుతుంది.

జీమెయిల్‌లో లాగిన్ అయి, వీపీఎన్ ఉంది కదా నేనెవరో గూగుల్‌కు తెలియదు అనుకోకండి.

ప్రాక్సీ సైట్లో పాస్‌వర్డ్ కొట్టకండి.

వీపీఎన్ యాప్ గానీ, ప్రాక్సీ గానీ ఫోన్‌లో సర్టిఫికెట్ (ఎన్‌క్రిప్ట్ అయినదాన్ని కూడా వాళ్లు చదివేలా చేయగల ఫైలు) ఇన్‌స్టాల్ చేయమంటే చేయకండి. ఏ కారణం చెప్పినా సరే.

వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (ప్లే స్టోర్ బయటి యాప్ ఫైలు) ముట్టుకోకండి. తమ్ముడు పంపినా సరే.

ఉచిత వీపీఎన్ వద్దు.

గూగుల్ ఊరికే "మీరు రోబోనా" అని అడుగుతుంటే, ఎవరి ఫోనో ప్రాక్సీగా మారి ఉండొచ్చు, రూమ్‌లో అందరి ఫోన్లూ చూడండి. దాని మీదుగా నేరం జరిగితే, వైఫై ఎవరి పేరు మీద ఉందో, పోలీసులు ముందు అతన్నే అడుగుతారు.