బొనైర్‌లో స్నార్కెలింగ్: దిగేముందు సముద్రాన్ని, దిగాక రీఫ్‌ని ఎలా చూడాలి?

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళలో సెలవులకు కరీబియన్ దీవులకు వెళ్ళేవాళ్ళు చాలామందే ఉన్నారు. స్నార్కెలింగ్ చేస్తూ, అంటే మాస్కు, గాలి గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ పగడాలు చూడాలని ఉందంటే నేను మొదట చెప్పే పేరు బొనైర్. వెనెజులా తీరానికి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న డచ్ దీవి ఇది. ఇక్కడ చాలాచోట్ల పడవ అవసరం లేదు. రోడ్డు పక్కన కారు ఆపి, నీళ్ళలోకి నడిచి, కాసేపు ఈదితే రీఫ్, అంటే పగడపు దిబ్బ వచ్చేస్తుంది. ఎక్కడ దిగాలో తెలియడానికి పసుపు రంగు వేసిన రాళ్ళ మీద ఆ చోటు పేరు రాసి పెడతారు. దీవి చుట్టూ 60 మీటర్ల లోతు వరకు సముద్రమంతా 1979 నుంచి మెరైన్ పార్క్.

ఇంత సులువు కాబట్టే సముద్రం ఎలా ఉందో చూసుకోకుండా దిగేవాళ్ళు ఎక్కువ. దిగాక కూడా రంగురంగుల చేపల్ని చూసి "రీఫ్ బ్రహ్మాండంగా ఉంది" అనుకుని వచ్చేస్తారు. చేపలు కనిపించినంత మాత్రాన పగడాలు బాగున్నట్టు కాదు. ఈ రెండూ చూసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఏం చూడాలో తెలిస్తే చాలు.

1. గాలి వేగం కంటే ముందు దిక్కు చూడండి

ఇక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం గాలి తూర్పు నుంచే వీస్తుంది. అందుకే తూర్పు తీరంలో కెరటాలు విరుచుకుపడుతుంటే, పడమటి తీరం ప్రశాంతంగా ఉంటుంది. స్నార్కెలింగ్ చోట్లు దాదాపు అన్నీ పడమటి వైపే. విండీ లాంటి వాతావరణ యాప్‌లో తూర్పు గాలి 15 నాట్స్, అంటే గంటకు 28 కిలోమీటర్లు అని చూపించినా ఈ వైపు మామూలుగా ఈదొచ్చు. అయితే ఆ గాలి మనల్ని ఒడ్డు నుంచి లోపలికి తోస్తుంది. గాలి నింపిన బొమ్మల మీద, ట్యూబుల మీద పిల్లల్ని కూర్చోబెట్టి వదలకండి.

గాలి పడమటికి మళ్ళిందంటే లెక్కంతా తారుమారు. అంతకంటే తక్కువ వేగానికే ఒడ్డున అలలు లేస్తాయి, అడుగున ఇసుక కలిసి నీళ్ళు మసకబారతాయి. అమెరికా వేసవి చివరి నుంచి నవంబరు దాకా ఇలా అప్పుడప్పుడూ జరుగుతుంది. ఆ రోజు దిగకండి. టికెట్ డబ్బులు పోయాయన్న బాధతో దిగాల్సిన సముద్రం కాదది.

2. అల ఎత్తు, అలకీ అలకీ మధ్య వ్యవధి

వాతావరణ సూచనల్లో అల ఎత్తు పక్కన సెకన్లలో ఇంకో అంకె ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు, నిజానికి అసలు సంగతి అక్కడే ఉంది. 6, 7 సెకన్ల అలలు దగ్గరలోని గాలి లేపినవి. చికాకు పెడతాయి గానీ వాటి బలం తక్కువ. 12 సెకన్లు దాటాయంటే ఎక్కడో దూరాన తుఫాను నుంచి వస్తున్న అలలు. చూడడానికి చిన్నవిగా ఉన్నా, లోతు తగ్గేచోట ఒక్కసారిగా లేచి విరుగుతాయి.

బొనైర్ హరికేన్ల దారికి దక్షిణంగా ఉంటుంది. అలా అని ధీమా పనికిరాదు. 1999 నవంబరులో లెన్నీ అనే హరికేన్ మామూలుకి భిన్నంగా పడమటి నుంచి తూర్పుకి కదిలింది. తుఫాను కేంద్రం దూరంగానే వెళ్ళినా, ఎప్పుడూ నెమ్మదిగా ఉండే పడమటి తీరాన్ని దాని అలలు కొట్టాయి, లోతు తక్కువ ఉన్నచోట పగడాలు విరిగిపోయాయి.

విశాఖ, కాకినాడ తీరాల్లో ఆడి పెరిగినవాళ్ళకి అర మీటరు అల లెక్కలోకి రాదు. అక్కడ పడితే కింద ఇసుక. ఇక్కడ పదునైన సున్నపురాయి, విరిగిన పగడపు ముక్కలు. అడుగు మందంగా ఉన్న బూట్లు లేకుండా దిగొద్దు.

3. ఒడ్డున పది నిమిషాలు నిలబడండి

యాప్‌లు చెప్పనిది ఇక్కడ తెలుస్తుంది. అలలు గుంపులుగా వస్తాయి; పెద్ద గుంపు వచ్చి వెళ్ళేదాకా ఆగి చూస్తేనే ఆ చోటు ఎలాంటిదో అర్థమవుతుంది. దిగే దారే కాదు, తిరిగి ఎక్కే దారి కూడా ముందే చూసి పెట్టుకోండి. అలసిపోయి వచ్చాక వెతుక్కోవడం కష్టం.

తర్వాత ఛాతీ లోతు నీళ్ళలో మొహం ముంచి, కాళ్ళూ చేతులూ కదపకుండా ఒక నిమిషం తేలండి. అడుగున ఒక రాయిని గుర్తు పెట్టుకోండి. నిమిషంలో 15 మీటర్లు జరిగిపోయారంటే ప్రవాహం గంటకు దాదాపు ఒక కిలోమీటరు ఉన్నట్టు. కొత్తవాళ్ళకి అది ఎక్కువే. అంతకు తక్కువైతే ముందు ఎదురీది, తిరిగి వచ్చేటప్పుడు ప్రవాహంతో పాటు రండి. పక్కనే ఉన్న క్లైన్ బొనైర్ అనే చిన్న దీవికి వాటర్ టాక్సీలో వెళ్తే, ప్రవాహం ఎటుందో, ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కాలో పడవ నడిపేవాళ్ళనే అడగండి.

ఈత సరిగ్గా రాకపోతే లైఫ్ జాకెట్ వేసుకోండి, మొహమాటపడకండి. జాకెట్ ఉన్నవాళ్ళు కాళ్ళతో కిందికి తన్నరు, పగడాల మీద నిలబడరు. రీఫ్‌కి కూడా అదే మేలు.

4. పార్క్ నియమాలు

నీళ్ళలోకి దిగేవాళ్ళు పార్క్‌ని చూసుకునే స్టినాపా సంస్థకి రుసుము కట్టాలి; ఆన్‌లైన్‌లో ముందే కట్టొచ్చు. ఏదీ పట్టుకోకూడదు కాబట్టి చేతి గ్లవ్స్ నిషేధం. చచ్చిన పగడపు ముక్క కూడా తీసుకురాకూడదు. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్లు ఇక్కడ నిషేధం. పొడుగు చేతుల రాష్ గార్డ్ (ఈతకి వేసుకునే బిగుతు చొక్కా) వేసుకుంటే క్రీము అవసరమే సగం తగ్గుతుంది.

5. నీళ్ళు ఎన్ని వారాలుగా వేడెక్కి ఉన్నాయి?

ప్రయాణానికి ముందే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా నడిపే కోరల్ రీఫ్ వాచ్ వెబ్‌సైట్ చూడండి, ఉచితమే. ఉపగ్రహాలు కొలిచిన ఉష్ణోగ్రతతో వాళ్ళు 'డిగ్రీ హీటింగ్ వీక్స్' అనే లెక్క ఇస్తారు. ఏడాదిలో అన్నిటికంటే వేడిగా ఉండే నెల సగటు మీద ఒక డిగ్రీ లేదా అంతకు మించి పెరిగిన వేడిని, గత 12 వారాలకు కలిపి చెప్పే అంకె అది. 4 దాటితే పగడాలు చెప్పుకోదగ్గ స్థాయిలో తెల్లబడొచ్చు. 8 దాటితే చనిపోవడం మొదలవుతుంది. బొనైర్‌లో సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇది చూడాలి. ఆ అంకె ఎక్కువగా ఉన్న రోజుల్లో పగడాలకి ఇంకాస్త దూరంగా ఈదండి. మన కాళ్ళకున్న ఈత రెక్కలు (ఫిన్స్) లేపిన ఇసుకని వదిలించుకోవడానికి కూడా వాటికి శక్తి కావాలి.

6. తెలుపు కనిపిస్తే ఆగి చూడండి

నా దృష్టిలో స్నార్కెలర్ నేర్చుకోవాల్సిన వాటిలో ముఖ్యమైంది ఇదే. తెల్లగా ఉన్న పగడాలన్నీ ఒకే కారణంతో తెల్లబడవు.

పగడం మీద వేలి గోరంత తెల్లటి గీతలు, జంటలుగా, చుట్టూ మామూలు రంగు ఉంటే అది చిలుక చేప కొరికిన గాటు. చెవులు నీళ్ళలో ఉంచి నిశ్శబ్దంగా తేలితే, అది రాతిని గీకే కరకర శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. కొమ్మల్లా పెరిగే పగడాల చివరలు తెల్లగా ఉన్నా కంగారు అక్కర్లేదు. అది కొత్త పెరుగుదల.

మొత్తం పగడం పాలిపోయి ఉంటే బ్లీచింగ్. లోపల ఉండి రంగునీ, ఆహారాన్నీ ఇచ్చే సూక్ష్మ శైవలాలు (కంటికి కనిపించనంత చిన్న నాచు) వేడికి వెళ్ళిపోతాయి. దగ్గరగా చూస్తే పారదర్శకమైన చర్మం, చిన్న చిన్న నోళ్ళు ఇంకా ఉంటాయి. అంటే అది బతికే ఉంది. నీళ్ళు తొందరగా చల్లబడితే కోలుకోవచ్చు.

ఒక పక్క మామూలు రంగు, దాన్ని ఆనుకుని చర్మమే లేని తెల్లటి అస్థిపంజరం, రెండిటి మధ్య స్పష్టమైన అంచు ఉంటే జబ్బుని అనుమానించాలి. 2014లో ఫ్లోరిడాలో మొదట బయటపడిన స్టోనీ కోరల్ టిష్యూ లాస్ వ్యాధి 2023లో బొనైర్ చేరింది. మెదడు ఆకారంలో మడతలున్న పగడాలకి ఇది త్వరగా సోకుతుంది. వందల ఏళ్ళు పెరిగిన పగడాన్ని కొన్ని వారాల్లో, నెలల్లో చంపేయగలదు. బతికున్న భాగం అంచున మచ్చలు పెరుగుతూ పోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

తెలుపు పోయి, పాత గోడకి పట్టిన పాచిలా గోధుమాకుపచ్చ నూగు కప్పేసిందంటే ఆ భాగం చనిపోయి కొన్నాళ్ళయింది.

7. చుట్టుపక్కల చూడండి

పగడాల మధ్య రాళ్ళు గట్టి గులాబీ పొరతో ఉంటే మంచిదే. పగడపు పిల్లలు అలాంటిచోట నిలదొక్కుకుంటాయి. రూపాయి బిళ్ళంత కొత్త పగడాలు దొరుకుతాయేమో వెతకండి. ఆకుల్లాంటి నాచు దట్టంగా ఉంటే దాన్ని మేసేవి తక్కువైనట్టు. బొనైర్‌లో చిలుక చేపల్ని పట్టడం 2010 నుంచి నిషేధించింది అందుకే. పొడుగు ముళ్ళున్న నల్లటి డయడెమా అర్చిన్లు (బంతిలా ఉండే సముద్ర జీవులు) కూడా నాచు తింటాయి. 1983, 84లో కరీబియన్ అంతటా అవి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, 2022లో మళ్ళీ చాలాచోట్ల చచ్చిపోయాయి. పగలు రాళ్ళ సందుల్లో ఒకటి కనిపించినా సంతోషించాల్సిన విషయమే.

8. ఫోటో తీయండి, చూపించండి

జబ్బని అనుమానం వస్తే పగడం మొత్తం కనిపించేలా ఒకటి, అంచు దగ్గర ఒకటి తీయండి. చోటు పేరు, తేదీ, సుమారు లోతు రాసుకుని స్టినాపాకి గానీ, దగ్గరలోని డైవ్ షాపుకి గానీ ఇవ్వండి. పిల్లలు ఉంటే క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం తయారు చేసిన కోరల్‌వాచ్ రంగుల చార్టు ఇవ్వండి. పగడాన్ని తాకకుండా దాని రంగుతో పోల్చి, 1 నుంచి 6 వరకు అంకె చెప్పడం వాళ్ళు ఇట్టే నేర్చుకుంటారు.

జబ్బు ఉన్నచోట ఈదినరోజు ఇంకో చోట దిగేముందు మాస్కు, రెక్కలు, బూట్లు డైవ్ షాపువాళ్ళు చెప్పిన క్రిమిసంహారక ద్రావణంలో ముంచి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. కడిగిన నీళ్ళు మాత్రం సముద్రంలో పోయకండి.